గోడకుర్చీ కొలతలు

తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు. ఎండెక్కేదాకా రోడ్డంతా నడిచేవాళ్లదే. వాళ్లలో బీపీ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఎవరినడిగినా డాక్టరుగారు చెప్పింది ఒకటే మాట: రోజూ నడవండి. మంచి మాటే, కానీ అది రెడీమేడ్ చొక్కా. మనిషిని చూసి కొలతలు తీసి కుట్టే వ్యాయామ నిపుణుల పని వేరే ఉంది. ఆ పనితనం చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

గోడకుర్చీనే తీసుకోండి. బడిలో మాస్టారు వేయించిన శిక్షే! 2023లో ఇంగ్లండులోని కాంటర్‌బరీ పరిశోధకులు 270 అధ్యయనాలను కలిపి చూశారు. కదలకుండా కండరం బిగించి ఉంచే ఇలాంటి వ్యాయామాలతో పై బీపీ సగటున 8 పాయింట్లు తగ్గింది. నడక, సైకిలు వంటివాటితో తగ్గింది నాలుగున్నర.

అయితే ఎంత వంగాలి? దర్జీ కన్ను కావాల్సింది ఇక్కడే. మోకాలి కోణం 135 డిగ్రీలతో మొదలుపెట్టి, రెండు నిమిషాలకోసారి పదేసి డిగ్రీలు తగ్గిస్తూ 95 దాకా దింపుతారు. దింపిన ప్రతిసారీ గుండె వేగం చూస్తారు. ఆ లెక్కలోంచి ఆ మనిషికి సరిపడే కోణం తేలుతుంది. ఒకరికి 115 అయితే పక్కవారికి 105 కావచ్చు. ఆ కోణంలో రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, నడుమ రెండేసి నిమిషాల విశ్రాంతి, వారానికి మూడు రోజులు. మోకాళ్లు సహకరించకపోతే గోడ మానేసి చేతిపట్టు: బలమంతా పెట్టి ఒకసారి నొక్కించి, అందులో 30 శాతమే బిగించమంటారు.

చేస్తున్నంతసేపూ అంకెలు పైకి లెక్కపెట్టాలి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. నోరు పలుకుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. ఎంత చిన్న ఉపాయం, ఎంత చక్కటి ఉపాయం!

బీటా బ్లాకర్లు వాడేవారిలో మందే గుండె వేగాన్ని అణచిపెడుతుంది కాబట్టి నాడి లెక్క పనికిరాదు. వాళ్లకు కొలబద్ద మారుస్తారు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒంట్లో నీరు లాగేసే బీపీ మాత్ర వేసుకునేవారైతే మన విశాఖ ఉక్కపోతను కూడా లెక్కలో వేసుకోవాల్సిందే. కూర్చుని ఉండగానే బీపీ 200/110 దాటితే ఆ రోజు వ్యాయామం ఊసే లేదు.

ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషికి, పొద్దున్నే లేచి నడవమని చీటీ రాసిస్తే ఏం లాభం? గోడకుర్చీ మొత్తం కలిపి 14 నిమిషాలు. నిద్ర లేచాక ఏ వేళైనా, ఉక్కునగరం క్వార్టర్స్ గోడకైనా సరే.

నడక అయితే చటుక్కున ఆపనివ్వరు. విచ్చుకున్న రక్తనాళాల్లో రక్తం కాళ్లకు దిగిపోయి కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాలు వేగం తగ్గిస్తూ నడిపించి, కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, బీపీ చూడడానికి మళ్లీ పట్టీ కడతారు.