లోపసందేశం చెప్పేది, చెప్పనిది: లినక్స్‌లో తెలుగు ఓసీఆర్ స్థాపనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాత తెలుగు పత్రికల పుటచిత్రాలను వెతకడానికి వీలైన పాఠంగా మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిముట్లు నేడు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. వాటిని లినక్స్‌పై స్థాపించేటప్పుడు ఎదురయ్యే లోపసందేశాలు చాలామందిని మొదటి మెట్టుమీదే నిలిపివేస్తున్నాయి. డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో టెసెరాక్ట్‌ను తెలుగు కోసం సిద్ధం చేసే క్రమంలో కనిపించే నాలుగు సందేశాలను ఈ వ్యాసం పాఠ్యాలుగా స్వీకరిస్తుంది. భారతీయ వాక్యార్థవిచారంలోని ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యం అనే భావనలతో వాటి గుణదోషాలను విమర్శిస్తుంది. తెలుగులో వస్తున్న స్థాపన మార్గదర్శకాల స్వరూపాన్ని, సందేశాల అనువాద సమస్యను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: లోపసందేశం, లినక్స్, టెసెరాక్ట్, పైథాన్, వాక్యార్థం, అర్థాపత్తి, స్థానికీకరణ.

1. ఉపోద్ఘాతం

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని స్థాపించారు. అటువంటి పత్రికల పాత సంచికలపై పనిచేసే పరిశోధకుల చేతికి నేడు ఎక్కువగా అందుతున్నవి పుటల ఛాయాచిత్రాలే. చిత్రంలోని మాటను కంటితో చదవవచ్చు గాని కంప్యూటరుతో వెతికించలేము. ఒక పదం తొలిసారి ఎప్పుడు అచ్చులో కనిపించింది, ఒక చర్చ ఎన్ని సంచికలపాటు సాగింది వంటి ప్రశ్నలకు జవాబు కావాలంటే చిత్రం పాఠంగా మారాలి. ఆ పని చేసేదే అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్, అంటే ఓసీఆర్.

ఈ రంగంలో ప్రసిద్ధమైన స్వేచ్ఛా పనిముట్టు టెసెరాక్ట్. హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో 1985లో దీని నిర్మాణం మొదలైంది. 2005లో దీని మూలం బహిరంగమైంది. ఆ తరువాతి ఏడు నుంచి గూగుల్ దాని అభివృద్ధిని పోషించింది. 2018లో వెలువడిన నాలుగవ రూపాంతరం నాడీజాల పద్ధతిని ప్రవేశపెట్టింది. తెలుగుకు శిక్షిత దత్తాంశం కూడా ఇందులో లభిస్తుంది. వెల లేదు, అనుమతి అడగనక్కరలేదు. అయినా తెలుగుశాఖల్లో దీని వాడకం పరిమితంగానే ఉండడానికి గుర్తింపు నాణ్యత ఒక్కటే కారణం కాదు. పనిముట్టు పనిచేయడానికి ముందే తెరపై కనిపించే నాలుగైదు ఆంగ్లవాక్యాలు కూడా ఒక కారణం. వాటిని ఇంతవరకు ఇంజనీర్ల వ్యవహారంగానే చూశారు. వాక్యాన్ని చదవడమే వృత్తిగా గల సాహిత్యవిద్యార్థి దృష్టితో వాటిని చూడవలసిన అవసరం ఉంది.

2. విమర్శకు ఆధారం

వినినవారికి వాక్యం అర్థం కావాలంటే దానిలోని పదాలకు పరస్పర ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని భారతీయ శాబ్దికులు చెప్పారు. వక్త ఉద్దేశమైన తాత్పర్యాన్ని కూడా కొందరు వీటికి చేర్చారు. మీమాంసకులు అంగీకరించిన మరొక ప్రమాణం అర్థాపత్తి. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే, రాత్రి తింటున్నాడని ఊహించక తప్పదు. చెప్పిన రెండు మాటలకు పొత్తు కుదరడానికి చెప్పని మూడవ మాటను కల్పించుకోవడమే ఇది.

లోపాన్ని వెతికి సవరించే పని ఆద్యంతం అర్థాపత్తిమీదనే నడుస్తుంది. “పైథాన్.హెచ్ అనే ఫైలు లేదు” అని కంపైలర్ చెప్పినప్పుడు ఆ వాక్యం అబద్ధం కాదు. కాని అదే యంత్రంలో పైథాన్ చక్కగా పనిచేస్తూ ఉంటుంది. పైథాన్ ఉంది, పైథాన్ ఫైలు లేదు. ఈ రెండూ పొసగాలంటే, నడపడానికి కావలసిన భాగం ఒక ప్యాకేజీలోను, ఇతర ప్రోగ్రాములు నిర్మించడానికి కావలసిన శీర్షిక ఫైళ్లు వేరొక ప్యాకేజీలోను ఉన్నాయని గ్రహించాలి. ఆ రెండవది పైథాన్3-డెవ్. సందేశం దాని పేరెత్తదు. అనుభవజ్ఞుడు ఆ ఖాళీని క్షణంలో పూరిస్తాడు. కొత్తవారికి అక్కడే దారి మూసుకుపోతుంది. కనుక ఒక సందేశం ఎంత అర్థాపత్తిని పాఠకుడిమీద మోపుతున్నదనేదే దాని విలువను నిర్ణయించే తగిన కొలత.

3. నాలుగు సందేశాలు

3.1. నిరాకరణ: పైథాన్ నుంచి టెసెరాక్ట్‌ను పిలవడానికి పైటెసెరాక్ట్ అనే గ్రంథాలయం వాడుతారు. దాన్ని పిప్‌తో స్థాపించబోతే, 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 మొదలుకొని, “ఈ పరిసరం బయటివారి నిర్వహణలో ఉంది” అనే అర్థంగల సందేశంతో పని ఆగిపోతుంది. ఇది 2021లో ప్రతిపాదించిన పెప్ 668 అనే ప్రమాణపత్రం ఫలితం. వ్యవస్థలోని కొన్ని ప్రోగ్రాములు పైథాన్‌లోనే రాసినవి. వాటికి కావలసిన గ్రంథాలయాలను ఆప్ట్ నిర్వహిస్తుంది. అదే చోట పిప్ కూడా చేయిపెడితే ఒకరు కట్టినదాన్ని మరొకరు కూల్చే ప్రమాదం ఉంది.

సందేశం నిరాకరించి ఊరుకోదు. ఆప్ట్‌తో స్థాపించుకోమని, లేదా విడిగా ఒక పరిసరం సృష్టించుకోమని, లేదా పిప్‌ఎక్స్ వాడమని మార్గాలు చూపుతుంది. నిషేధాన్ని దాటే ఐచ్ఛికానికి పెట్టిన పేరు “బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్”. వ్యవస్థను విరగ్గొట్టు అని తన చేతితో టైపు చేస్తేగాని ముందుకు పోలేని విధంగా ఈ పేరు పెట్టారు. పేరే హెచ్చరిక. అయితే “బయటివారు” ఎవరన్న ఆకాంక్ష మొదటి పంక్తిలో తీరదు. తన యంత్రానికి తానే యజమాని అనుకొనే పాఠకురాలికి ఆ మాట కళాశాల నిర్వాహకులను స్ఫురింపజేస్తే ఆశ్చర్యం లేదు. ఆప్ట్ అన్న ఒక్క పేరు అక్కడ చేర్చి ఉంటే ఆకాంక్ష తీరేది.

3.2. ఉత్తమ వచనం: సలహా ప్రకారం విడి పరిసరం సృష్టించబోతే, పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ లేని యంత్రంలో రెండవ సందేశం వస్తుంది. పరిసరం సరిగా ఏర్పడలేదని, ఎన్‌ష్యూర్‌పిప్ లేకపోవడమే కారణమని, డెబియన్, ఉబుంటులలో ఫలానా ప్యాకేజీ స్థాపించాలని, అందుకు ఆజ్ఞ ఇదని, దానికి సూడో అవసరం కావచ్చని, ఆ తరువాత పరిసరాన్ని మళ్లీ సృష్టించాలని అది వరుసగా చెబుతుంది. కార్యం, కారణం, ఉపాయం, తదుపరి కర్తవ్యం అన్నీ ఉన్నాయి. చివరి అంశం ముఖ్యమైనది. ప్యాకేజీ స్థాపించగానే సగంలో ఆగిన పని దానంతట అదే పూర్తవుతుందని కొత్తవారు భావిస్తారు. ఆ భ్రమను సందేశమే తొలగించింది. పరిశీలించిన నాలుగింటిలో పాఠకుడిపై అర్థాపత్తి భారం దాదాపు లేనిది ఇదే.

3.3. వికల్పం: పైటెసెరాక్ట్ స్థాపన విజయవంతమైన తరువాత ప్రోగ్రామును నడిపితే, “టెసెరాక్ట్ స్థాపితం కాలేదు, లేదా పాత్‌లో లేదు” అనే మూడవ సందేశం రావచ్చు. ఇప్పుడే స్థాపించిన వస్తువు స్థాపితం కాలేదంటే పాఠకుడికి యోగ్యత భంగమైనట్టు తోస్తుంది. అసలు సంగతి, పైటెసెరాక్ట్ ఒక తొడుగు మాత్రమే. లోపలి యంత్రాన్ని ఆప్ట్‌తో వేరుగా తెచ్చుకోవాలి. సందేశం రెండు అవకాశాలను నిజాయితీగా చెప్పింది గాని, తొడుగుకు, యంత్రానికి గల భేదాన్ని చెప్పలేదు.

3.4. తప్పుదారి: నాలుగవది తెలుగువారికే ప్రత్యేకంగా తగిలేది. డెబియన్‌లో టెసెరాక్ట్ స్థాపిస్తే ఆంగ్ల దత్తాంశం వెంట వస్తుంది, తెలుగు రాదు. తెలుగు పుటను ఇస్తే, తెలుగు దత్తాంశ ఫైలును తెరవలేకపోయానని, టెస్‌డేటా ప్రిఫిక్స్ అనే పరిసర చరరాశి సరైన సంచయాన్ని సూచిస్తున్నదో లేదో చూసుకోమని, “టెల్” భాషను ఎక్కించలేకపోయానని సందేశం వస్తుంది. దత్తాంశాన్ని వేరొక చోట దాచుకొన్నవారికి ఈ సలహా సరైనదే. ఆప్ట్ ద్వారా స్థాపించినవారికి కావలసింది మాత్రం టెసెరాక్ట్-ఓసీఆర్-టెల్ అనే ప్యాకేజీ. దాని ఊసు సందేశంలో లేదు.

సలహాను నమ్మి చరరాశిని ఏదో ఒక సంచయానికి మార్చినవారి యంత్రంలో అంతవరకు పనిచేసిన ఆంగ్లం కూడా పనిచేయడం మానుతుంది. ఆ మార్పును ప్రారంభ ఫైలులో రాసి ఉంటే ప్యాకేజీ తెచ్చుకొన్న తరువాత కూడా లోపం తొలగదు. చికిత్సే కొత్త రోగమవుతుంది. ఇంకొక చిక్కు ఏమంటే, భాషాసంకేతాన్ని “టె” అనో “తెలుగు” అనో రాసినా ఇదే సందేశం వస్తుంది. వ్యవస్థ భాషా అమరికల్లో తెలుగుకు రెండక్షరాల సంకేతం, టెసెరాక్ట్‌లో మూడక్షరాల సంకేతం. దత్తాంశం లేకపోవడానికి, పేరు తప్పడానికి ఒకే వాక్యం వాడడం అనేకార్థకదోషం. స్థాపితమైన భాషల జాబితాను చూపే ఆజ్ఞ టెసెరాక్ట్‌లోనే ఉంది. ఆ ఒక్క ఆజ్ఞను సందేశం సూచించి ఉంటే రెండు కారణాలూ వేరుపడేవి.

4. సన్నిధి: చదివే దిశ

సందేశం మంచిదైనా అది కనిపించే చోటు మరొక సమస్య. పైథాన్ ప్రోగ్రాము విఫలమైనప్పుడు పిలుపుల వరుస అంతా తెరపై పడుతుంది, అసలు కారణం చివరి పంక్తిలో ఉంటుంది. సీ భాషా కంపైలర్ విషయంలో సాధారణంగా మొదటి లోపమే ముఖ్యం, తక్కినవి దాని సంతానం. రెండింటినీ ఒకే తీరుగా పైనుంచి కిందికి చదివే పాఠకుడికి ఒకచోట దొరికింది మరొకచోట దొరకదు. ఈ పఠనదిశను ముందుగా నేర్పడం, ఆజ్ఞలు నేర్పడం కంటే విలువైనది. కార్యశాలలు తరచుగా దీన్ని వదిలివేస్తాయి.

5. మంత్రపాఠాలుగా మార్గదర్శకాలు

తెలుగులో కనిపించే స్థాపన మార్గదర్శకాలలో ఎక్కువభాగం ఆజ్ఞల పట్టికలు. ఒకటవ ఆజ్ఞ ఇది, రెండవ ఆజ్ఞ ఇది అని వరుసగా ఇచ్చి, చివర అంతా సిద్ధమని ముగిస్తాయి. అర్థం తెలియకున్నా స్వరం తప్పకుండా వల్లిస్తే ఫలితం వస్తుందన్న విశ్వాసం ఈ రచనల వెనుక ఉంది. వ్యవస్థ రూపాంతరం మారగానే ఆ విశ్వాసం దెబ్బతింటుంది. డెబియన్ 12కు ముందు రాసిన మార్గదర్శకంలోని పిప్ ఆజ్ఞ నేడు నిరాకరణకు గురవుతుంది. కారణం చెప్పని మార్గదర్శకం చేతిలో ఉన్న పాఠకుడు అప్పుడు ప్రతి ఆజ్ఞకు ముందు సూడో చేర్చి చూస్తాడు, లేదా విరగ్గొట్టే ఐచ్ఛికాన్ని అర్థం తెలియకుండానే అతికిస్తాడు.

మంచి మార్గదర్శకానికి నాలుగు లక్షణాలు అవసరం. ఏ వ్యవస్థకు, ఏ రూపాంతరానికి ఉద్దేశించినదో చెప్పాలి. ప్రతి ఆజ్ఞకు ప్రయోజనం చెప్పాలి. విజయానికి గుర్తు ఏమిటో చూపాలి. చేసినదాన్ని వెనక్కి తీసుకొనే మార్గం ఇవ్వాలి. శాస్త్రగ్రంథం నుంచి తెలుగు పాఠకుడు ఎప్పుడూ ఆశించే అధికారి, విషయ, ప్రయోజనాల నిర్దేశానికి ఇవి దగ్గరివే.

6. అనువాద ప్రశ్న

సందేశాలన్నిటినీ తెలుగు చేస్తే సమస్య తీరుతుందా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మూలవాక్యాన్ని, దాని అనువాదాన్ని జంటగా దాచే గెట్‌టెక్స్ట్ పద్ధతి బహుళప్రచారంలో ఉంది. కాని మూడు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది తెర. లినక్స్ మూల కన్సోల్ గరిష్ఠంగా 512 అక్షరరూపాలనే చూపగలదు, వత్తులు, గుణింతాలు కూర్చే శక్తి దానికి లేదు. సమాన గడులలో అక్షరాలను పేర్చే టెర్మినళ్లు చాలావాటిలో కూడా తెలుగు సంయుక్తాక్షరాలు చెదురుతాయి. రెండవది వెతుకులాట. ఆంగ్లసందేశాన్ని వెతికితే దానిపై జరిగిన చర్చ దొరుకుతుంది. తెలుగు సందేశానికి ఆ అనుబంధ వాఙ్మయం లేదు. అందుకే తెలుగు అమరిక గలవారు కూడా భాషను తాత్కాలికంగా ఆంగ్లానికి మార్చి సందేశం రాబట్టవలసి వస్తుంది.

మూడవది పదం. “ఎర్రర్”ను తప్పు అని అనువదిస్తే ఎవరో తప్పు చేశారన్న ధ్వని వస్తుంది. ఆంగ్లమంటేనే జంకే విద్యార్థి దాన్ని తనపై అభియోగంగా తీసుకొంటుంది. దోషం అన్నా నింద పూర్తిగా తొలగదు. లోపం అన్న మాట తగినది. పాణినీయ వ్యాకరణంలో లోపమంటే ఉండవలసినది కనిపించకపోవడం. పైన చూసిన నాలుగింటిలో మూడు సందేశాలు అక్షరాలా అదే చెబుతున్నాయి. ఏదో లేదు, అది ఏమిటో తెలుసుకోవాలి.

ఈ అడ్డంకుల దృష్ట్యా, సందేశాన్ని ఆంగ్లంలో ఉంచి తాత్పర్యాన్ని తెలుగులో చెప్పడం నేటికి మేలైన మార్గం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు పాఠాలలో తెర ఆంగ్లంలో ఉంటుంది, వివరించే గొంతు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో వినిపిస్తుంది. ఆ విభజన సరైనది. అయితే ఒక మినహాయింపు గమనించదగినది. పెప్ 668 ప్రకారం నిరాకరణ సందేశాన్ని పంపిణీదారు స్వయంగా రాయవచ్చు, భాషాసంకేతం చేర్చి వేర్వేరు భాషల్లో కూడా ఇవ్వవచ్చు. టెర్మినల్ సరిగా చూపగలిగిన చోట మూలసందేశంతోపాటు రెండు పంక్తుల తెలుగు తాత్పర్యం చేర్చడానికి అక్కడ ద్వారం తెరిచే ఉంది. ఆ రెండు పంక్తులు రాయడానికి ఇంజనీరింగ్ పట్టా కంటే తెలుగు వచనంపై పట్టు ఎక్కువ అవసరం.

7. ముగింపు

పరిశీలించిన సందేశాలలో ఒకటి మార్గదర్శి, రెండు అసంపూర్ణాలు, ఒకటి తప్పుదారి పట్టించేది. వీటి భేదం సాంకేతికమైనది కాదు, వాక్యరచనకు సంబంధించినది. ఎవరు చదువుతారో ఊహించి రాసిన వాక్యం దారి చూపింది, ఒకే రకం పాఠకుడిని ఊహించిన వాక్యం తక్కినవారిని దారి తప్పించింది.

తెలుగుశాఖలు చేయదగిన పనులు రెండు. పరిశోధనపద్ధతుల బోధనలో ఒక తరగతిని లోపసందేశ పఠనానికి కేటాయించడం మొదటిది. ఓసీఆర్ ద్వారా పొందిన పాఠంపై ఆధారపడిన సిద్ధాంతవ్యాసంలో వ్యవస్థ, టెసెరాక్ట్, దత్తాంశాల రూపాంతరాలను, ఎదురైన లోపాలను, సవరణలను నమోదు చేయడం రెండవది. తాళపత్ర ప్రతుల వివరాలు పీఠికలో చెప్పే సంప్రదాయం పరిష్కర్తలకు కొత్త కాదు. ఆ నమోదు ఉంటే తరువాతి పరిశోధకురాలు అదే నాలుగు మెట్లను మళ్లీ చీకట్లో ఎక్కనక్కరలేదు. అచ్చుకాగితం పెళుసుబారుతున్న సంచికలకు వ్యవధి ఎక్కువ లేదు. ఒక వాక్యం అర్థం కాక ఆగిపోయిన ప్రతి ప్రయత్నం ఆ వ్యవధినే హరిస్తున్నది.