లెక్కకెక్కని క్యాసెట్లు

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి రోజుల్లో హెచ్‌ఎంవీ కోసం ఆయన పాడిన భగవద్గీత ఆయన పోయాకే జనంలోకి వెళ్లింది. దానికి ఏడాది ముందు, 1973 మార్చిలో, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు బృందం ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ తెచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే ఆల్బమ్‌ల పట్టికలో అది 1988 దాకా 741 వారాలు కనిపించింది. ఎవరో ఓపిగ్గా రాసిపెట్టారు గనుక ఆ అంకె మనకు తెలుసు. మరి ఘంటసాల గీత ఎన్ని వారాలు అమ్ముడుపోయింది? వారం వారం రాసిన లెక్క నేనెక్కడా చూడలేదు. కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం మైకులో ఆ గొంతు వినపడగానే ఈనాటికీ ‘ఎవరు పోయారబ్బయా?’ అని అడుగుతారు. అంత లోతుగా జనంలో ఇంకిపోయిన ఆల్బమ్ మరొకటి చెప్పమంటే నేను చెప్పలేను.

ఈ వారపు పట్టికలు చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. మొదటి స్థానం ఎవరిదన్న దానికంటే లెక్క ఎలా కట్టారన్నదే నన్ను పట్టుకుంటుంది. 1952 నవంబర్ 14న లండన్‌లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక మొదటి పట్టిక వేసింది. ఆ పత్రిక మనిషి పెర్సీ డికిన్స్ ఓ ఇరవై దుకాణాలకు ఫోన్ చేసి, ఈ వారం ఏ రికార్డులు బాగా పోయాయని అడిగి రాసుకున్నాడు. అంతే! అదే ఏడు డిసెంబర్‌లో సముద్రానికి ఇటువైపు రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. రేడియో సిలోన్ మన కోస్తాకు పరాయిది కాదు. మీనాక్షి పొన్నుదురై వ్యాఖ్యానంతో తెలుగు పాటలు కూడా అక్కడి నుంచే వచ్చేవి. గీత్‌మాలా వాళ్లు రికార్డుల దుకాణాల అమ్మకాలు చూసేవారు. కానీ ఓ చిక్కు వచ్చింది. జనం ఎగబడి కొంటే సరుకు అయిపోయేది, అమ్మకం ఆగేది, ఆగితే ఆ పాట కిందికి జారేది. అందుకని శ్రోతల సంఘాలను కూడా అడగడం మొదలుపెట్టారు. లెక్క తప్పుతోందని గుర్తించి సరిదిద్దుకోవడమే ఆ పనిలో అసలు నిజాయితీ.

అమెరికాలోనూ అంతే. 1991 మే దాకా బిల్‌బోర్డ్ దుకాణాల వాళ్లు నోటితో చెప్పింది నమ్మింది. ఆ నెలలో బార్‌కోడ్ లెక్కకు మారాక, అప్పటిదాకా చిన్నచూపు చూసిన కంట్రీ, ర్యాప్ ఆల్బమ్‌లు ఒక్కసారిగా పైకొచ్చాయి. అవి అంతకుముందు అమ్ముడుపోక కాదు, అడిగినప్పుడు వాటి పేరు చెప్పేవాళ్లు తక్కువ.

మన తీరంలో 1980ల్లో, 90ల్లో పాట చేతులు మారింది ఎక్కువగా రికార్డింగ్ సెంటర్లలో. కొత్త క్యాసెట్ కొనే స్తోమత అందరికీ లేదు. ఖాళీ క్యాసెట్, ఓ తెల్లకాగితం మీద పాటల పేర్లు ఇచ్చి వస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. అదొక పనితనం. అరవై నిమిషాల క్యాసెట్ అంటే వైపుకు అరగంట. పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే ఆరు పాటలు పట్టి, చివర్లో మూడు నిమిషాలు మిగులుతాయి. పని రానివాడు అక్కడ ఏడో పాట మొదలుపెట్టి చరణంలో తెంపేసేవాడు. తెలిసినవాడు ఆ కాస్త చోటులో ఘంటసాల పద్యం ఒకటి అమర్చేవాడు. చెరిగిపోకుండా క్యాసెట్ అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచి మరీ చేతికిచ్చేవాడు. ఉప్పుగాలికి టేప్ రికార్డర్ హెడ్ ఊరికే పాడయ్యేది. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే గోధుమరంగు పొడి అంటుకుని వచ్చేది.

ఇలా కాపీ తీయడం చట్టం ఒప్పుకోని పని. 1984లో కాపీరైట్ చట్టాన్ని బిగించింది కూడా ఈ దొంగ కాపీల వల్లే. పాట కట్టినవాళ్లకు, పాడినవాళ్లకు అందాల్సిన డబ్బు అందలేదన్నది నిజం. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆ దుకాణం వాడి దగ్గర ఓ నోటుపుస్తకం ఉండేది. ఎవరు ఏ పాట అడిగారో అందులో ఉండేది. పట్టపుపాలేల నుంచి వచ్చినవాళ్లు గంగమ్మ పాటలు అడిగేవారు. డిసెంబర్ వస్తే క్రీస్తు పాటలు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ ఎన్నేళ్లయినా అడుగుతూనే ఉన్నారు. మన నెల్లూరు బాలు పాడాడన్న అభిమానం దానికి తోడు. కంపెనీల లెక్కలోకి ఎక్కని మా తీరం అభిరుచి అంతా ఆ పుస్తకంలో ఉంది.

ఆ పని ఇప్పటికీ పోలేదు. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక ముత్తుకూరు రోడ్డు మీద లారీల వరస పెరిగింది. సెల్‌ఫోన్ దుకాణంలో డ్రైవర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు, దుకాణం కుర్రాడు ఫోల్డర్లు ఎక్కిస్తాడు: బాలు హిట్స్, పాత పాటలు, జానపదాలు, అయ్యప్ప పాటలు. ఇదీ ఏ పట్టికలోకీ పోదు. స్ట్రీమింగ్‌లో విన్నది మాత్రం పట్టికకు ఎక్కుతుంది. 2014లో బిల్‌బోర్డ్ పదిహేను వందల స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్ అమ్మకంగా లెక్కించడం మొదలుపెట్టింది. 2022లో ‘ఇండియా సాంగ్స్’ పేరుతో మన దేశానికీ ఒక పట్టిక తెచ్చింది. మంచిదే. అయితే అది పాటల పట్టిక, ఆల్బమ్‌లది కాదు. దేశంలోని భాషలన్నిటినీ ఒకే వరసలో నిలబెడితే పెద్ద మార్కెట్ ఉన్న భాషే ముందుంటుంది.

తెలుగు ఆల్బమ్‌లకు విడిగా ఒక వారపు పట్టిక కావాలి. సినిమా ఒక వరస, భక్తి ఒక వరస, జానపదం ఒక వరసగా ఉండాలి. ఎన్ని ఊళ్లు అడిగారో, ఎలా లెక్కకట్టారో పట్టిక కిందే అచ్చు వేయాలి. నెల్లూరు, శ్రీకాకుళం, ఆదిలాబాద్ మూడూ అందులో ఉండాలి. తెలుగు పత్రికలు తలుచుకుంటే ఇది కష్టం కాదు. డికిన్స్ చేతిలో ఉన్నది ఒక ఫోనే.

రికార్డింగ్ సెంటర్ నడిపినవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ పాత నోటుపుస్తకాలు అటక మీద ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి. ఈ పత్రికకు ఒక ఉత్తరం రాయండి, వచ్చి చూస్తాను.