వీసా ‘వచ్చింది’ – వీసా ‘కొన్నాడు’: ప్రయాణానుమతి దరఖాస్తులో కర్తృత్వం

వ్యాస సంగ్రహం

విదేశీ ప్రయాణం కోసం సమర్పించే వీసా దరఖాస్తు పాలనాపత్రం. అయినా అందులో ఒక వ్యక్తి తన గురించి తాను చెప్పుకొనే కథనం ఉంటుంది. ఆ కథనానికి కర్త ఎవరు, ఫలితాన్ని అనుభవించేది ఎవరు అన్న ప్రశ్నను తెలుగువారి రెండు ప్రధాన వలసమార్గాలైన అమెరికా, గల్ఫ్‌ల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికా దరఖాస్తులో పూర్తి బాధ్యత వహించే కర్త తెలుగు వాడుకలో ఫలితం కోసం ఎదురుచూసే అనుభవకర్తగా మారుతాడు. గల్ఫ్ శ్రామికుడు వాడుకలో వీసా ‘కొన్న’ కర్త. పత్రంలో మాత్రం అతని మాట వినిపించదు. వలససాహిత్య విమర్శ ఈ వైరుధ్యాన్ని పట్టించుకోవలసిన అవసరాన్ని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వీసా, దరఖాస్తు, కర్తృత్వం, అనుభవకర్త, వలస, గల్ఫ్, అమెరికా, వాడుకభాష.

1. ఉపోద్ఘాతం

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్నది తెలంగాణలో వలసను గురించి స్థిరపడిన నానుడి. మూడు పదాలూ ఒకే ప్రాసలో ఒదగడం వల్ల మూడు ప్రయాణాలూ ఒకే స్వభావం కలవన్న భావన కలుగుతుంది. సింగరేణి గనులకు గాని, బొంబాయికి గాని వెళ్ళదలచిన మనిషికి దారిఖర్చులు ఉంటే చాలు. దుబాయికి మరొక రాజ్యం అనుమతి కావాలి. ప్రాస కలిపిన చోటనే చట్టం విడదీసింది. కోస్తా జిల్లాలవారి ‘రంగం’ ప్రయాణాలు కూడ బొగ్గుబాయి కోవకే చెందుతాయి. 1937 ఏప్రిల్ 1న విడిపోయేవరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కనుక, రంగూను వెళ్ళే తెలుగు కూలీ సముద్రం దాటినా రాజ్యం దాటలేదు. తెలుగువారి వలసచరిత్రలో వీసా ప్రధాన ఘట్టంగా మారడం ఆ తరువాతి పరిణామం.

వలససాహిత్యంపై వచ్చిన విమర్శ సాధారణంగా ప్రవాసంలో చేరిన తరువాతి జీవితాన్ని చర్చిస్తుంది. వంగూరి ఫౌండేషన్ వెలువరించిన ‘అమెరికా తెలుగు కథానిక’ సంకలనాల వంటివి అధ్యయనానికి అందుబాటులోకి రావడంతో జ్ఞాపకం, అస్తిత్వం, తరాల అంతరం మొదలైన అంశాలు ఆ చర్చకు కేంద్రమయ్యాయి. గడప దాటకముందు జరిగే తంతు మాత్రం కథకు ముందుమాటగానే మిగిలిపోయింది. ఆ తంతుకు తనదైన భాష ఉంది. దరఖాస్తు పత్రాలు, చట్టనిబంధనలు, తెలుగు వాడుకభాష అనే మూడు ఆధారాలతో ఆ భాషను విశ్లేషించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. దరఖాస్తు: ప్రశ్నలు రాయించే ఆత్మకథ

అమెరికాకు తాత్కాలికంగా వెళ్ళేవారు పూరించే డీఎస్-160 పత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, చదువు, ఉద్యోగం, గత ఐదేళ్ళలో తిరిగిన దేశాలు, వచ్చిన భాషలు, ఏదైనా తెగకు చెందినవారా అన్న విషయం – ఇలా ఒక జీవితానికి సంబంధించిన వివరాలన్నీ ఇందులో వరుసగా అడుగుతారు. 2019 నుంచి సామాజిక మాధ్యమాల ఖాతాల వివరాలు కూడ చేరాయి. వస్తువు ఆత్మకథదే అయినా ఆత్మకథకు ప్రాణమైన ఎంపిక ఇక్కడ రచయిత చేతిలో లేదు. ఏది చెప్పాలో, ఏది ముందు చెప్పాలో, ఎన్ని అక్షరాల్లో చెప్పాలో పత్రమే నిర్ణయిస్తుంది.

పేరు దగ్గరే ఈ సమస్య మొదలవుతుంది. తెలుగువారి సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించడం కూడ సర్వసాధారణం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో చేరి, వ్యక్తినామానికి కేటాయించిన గడి ఖాళీగా ఉంటే, అక్కడ ‘ఎఫ్‌ఎన్‌యు’ అని రాయవలసిందిగా డీఎస్-160 సూచిస్తుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. బారసాలనాడు బియ్యంలో రాసి పెట్టిన పేరు ఉండగానే మనిషి పేరు తెలియనివాడుగా నమోదవుతాడు. ఇదే పత్రంలో పూర్తి పేరును సొంత లిపిలో రాయడానికి ఒక గడి ఉంది. మిగిలిన సమాధానాలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలి. తెలుగు లిపికి దరఖాస్తులో దక్కిన చోటు అదొక్కటే.

సమాధానాల రచనలో మరొకరి చేయి ఉండడం మామూలే. హైదరాబాద్, విజయవాడల్లోని కన్సల్టెన్సీలు, ముందే వెళ్ళిన బంధువులు, స్నేహితులు ఈ పని చేసిపెడతారు. పత్రం కూడ దీనిని ఊహించింది. ఎవరైనా సహాయం చేశారా అని అడుగుతుంది. అయితే ఎవరు పూరించినా, చిన్నపిల్లల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, చివరి ఎలక్ట్రానిక్ సంతకం దరఖాస్తుదారే చేయాలి. ప్రతి సమాధానానికీ చట్టం ముందు బాధ్యుడు అతడే. రచన పలువురిది, కర్తృత్వం ఒక్కరిది. పత్రవ్యాకరణంలో దరఖాస్తుదారుకు ఇచ్చిన స్థానం నిస్సందేహంగా కర్త స్థానం.

3. నిరూపణకు అందని ఉద్దేశం

ఈ కర్త నిరూపించవలసింది ఏమిటన్నది తరువాతి ప్రశ్న. 1952 నాటి అమెరికా వలస, జాతీయతా చట్టంలోని 214(బి) ప్రకారం, తాత్కాలిక వీసా కోరే విదేశీయుని మొదట శాశ్వతంగా స్థిరపడటానికి వస్తున్నవానిగానే భావించాలి. అలా కాదని అధికారికి నమ్మకం కలిగించే భారం దరఖాస్తుదారుదే. హెచ్-1బి, ఎల్ వంటి కొన్ని తరగతులకు ఈ నియమం వర్తించదు. పర్యాటకులకు, విద్యార్థులకు వర్తిస్తుంది.

తిరిగివస్తానన్న ఉద్దేశం భవిష్యత్తుకు చెందినది. భవిష్యత్తుకు సాక్ష్యపత్రం ఉండదు. అందుచేత దరఖాస్తుదారు దాని స్థానంలో గతాన్ని సాక్ష్యంగా నిలబెడతాడు: పొలం పట్టా, బ్యాంకు నిల్వ, ఉద్యోగ ధ్రువీకరణ, ఇంటి దగ్గర ఉన్న తల్లిదండ్రులు. ఆస్తి ఉన్నవాడు తిరిగివస్తాడన్న తర్కం ఇందులో ఇమిడి ఉంది. ప్రేమ, బెంగ, నేలపై మమకారం వంటివి మనుషులను వెనక్కి రప్పించే బలమైన కారణాలని వలససాహిత్యమంతా చెబుతుంది. వాటికి కాగితం లేదు కాబట్టి కౌంటరు దగ్గర వాటికి విలువ లేదు. కొద్ది నిమిషాల ఇంటర్వ్యూలో అధికారి ఆ కథనాన్ని నమ్మకపోతే 214(బి) కింద నిరాకరిస్తాడు. దీనిపై అప్పీలు లేదు. రుసుము తిరిగిరాదు, మళ్ళీ దరఖాస్తు చేయాలంటే మళ్ళీ చెల్లించాలి. పర్యాటక, విద్యార్థి తరగతులకు 2023 జూన్‌లో ఈ రుసుమును 185 డాలర్లుగా నిర్ణయించారు.

వీసా మినహాయింపు పొందిన దేశాల పౌరుల స్థితిని దీనితో పోల్చి చూడాలి. స్వల్పకాల ప్రయాణానికి వారు ‘ఎస్టా’ అనే ఆన్‌లైన్ ప్రయాణానుమతి తీసుకుంటే సరిపోతుంది. 2009 జనవరి నుంచి అది తప్పనిసరి అయింది. ఆ దేశాల జాబితాలో భారతదేశం లేదు. నేరచరిత్ర, ఆరోగ్యం వంటి విషయాలపై ప్రశ్నలు అక్కడా ఉన్నాయి. కాన్సులేటు కిటికీ ముందు నిలబడి తన ఉద్దేశాన్ని నమ్మించే పరీక్ష మాత్రం వారికి లేదు. ఒకే ప్రయాణం ఒకరికి సమాచారం ఇవ్వడంతో ముగుస్తుంది. మరొకరికి తనను తాను సమర్థించుకోవడంతో మొదలవుతుంది.

4. ‘నాకు వీసా వచ్చింది’

పత్రంలో కర్తగా ఉన్న ఈ వ్యక్తి తెలుగులో తన ఫలితాన్ని చెప్పుకొనే తీరు వేరు. ‘నాకు వీసా వచ్చింది’, ‘స్లాటు దొరికింది’, ‘స్టాంపింగ్ అయింది’ – ఈ వాక్యాల్లో దేనిలోనూ దరఖాస్తుదారు ప్రథమావిభక్తిలో లేడు. ‘నాకు’ అన్నదానిలోని ‘కు’ ప్రత్యయాన్ని సంప్రదాయ వ్యాకరణం షష్ఠిలో చేర్చింది. ఆధునిక భాషాశాస్త్రం ఇటువంటి నిర్మాణంలోని వ్యక్తిని అనుభవకర్తగా గుర్తిస్తుంది. జ్వరం వస్తుంది, కల వస్తుంది, కోపం వస్తుంది; అలాగే వీసా వస్తుంది. మనిషి చేసేది కాక, మనిషికి సంభవించేది ఈ క్రియకు విషయం.

ఈ నిర్మాణం తెలుగులో అంతటా ఉన్నదే కనుక దీనికి ప్రత్యేకార్థం ఆపాదించరాదన్న అభ్యంతరానికి అవకాశం ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. అయితే ‘ఉద్యోగం వచ్చింది’తో పాటు ‘ఉద్యోగం సంపాదించాడు’ అన్న వాక్యం నోటిమాటలో సహజంగా నడుస్తుంది. ‘వీసా సంపాదించాడు’ అన్నది పత్రికాశీర్షికల్లో కనిపించినంతగా ఇళ్ళలో వినిపించదు. యువత వాడే ‘వీసా కొట్టేశాడు’ అన్న పలుకుబడిలో కర్త ఉన్నా, ఆ క్రియ జాక్‌పాట్ కొట్టడం వంటి అదృష్టఘటనను తలపించేదే. వ్యతిరేక ఫలితంలో మరో విశేషం ఉంది. మంజూరైతే వీసా వస్తుంది. కాకపోతే ‘నన్ను రిజెక్ట్ చేశారు’ అన్న మాట వినిపిస్తుంది. వచ్చినప్పుడు పత్రం గురించి మాట్లాడే వాక్యం, రానప్పుడు మనిషి గురించి మాట్లాడుతుంది.

హైదరాబాద్ శివారులో ఉస్మాన్‌సాగర్ సమీపాన ఉన్న చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అన్న పేరు రావడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. హుండీ లేని ఆలయంగా కూడ అది ప్రసిద్ధం. దీనిని మూఢనమ్మకమనో, భక్తి విశేషమనో చెప్పి ఊరుకుంటే భాషాపరమైన విషయం మరుగున పడుతుంది. నియమం తెలిసినా నిర్ణయానికి కారణం తెలియని వ్యవస్థలో, ఫలితం ‘వచ్చేది’గా మాత్రమే అర్థమవుతుంది. వచ్చేదాని కోసం మొక్కడం ఆ వ్యాకరణానికి సహజమైన కొనసాగింపు. కిటికీ దగ్గర ఆస్తిపత్రాలు అడుగుతారు. ఇక్కడ అడిగేది నడక ఒక్కటే.

5. ‘వీసా కొన్నాడు’

గల్ఫ్ వలసలో వాక్యనిర్మాణం తలకిందులవుతుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో ‘వీసా కొనుక్కొని పోయిండు’, ‘బావ వీసా పంపిండు’ అన్న వాక్యాలు వినిపిస్తాయి. ఇక్కడ వీసా కర్మ. శ్రామికుడో, బంధువో స్పష్టమైన కర్త. వీసా ఇక్కడ ధర కలిగిన సరుకు. భారతీయ నిబంధనలు రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవారుసుమును 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి పరిమితం చేశాయి. ‘కొన్నాడు’ అన్న క్రియకు ఈ పరిమితి తెలియదు. అప్పు, వడ్డీ, తాకట్టు పెట్టిన పుస్తెలు తెలుసు.

పత్రంలోకి వెళితే ఈ కర్త మాయమవుతాడు. గల్ఫ్ దేశాల ఉద్యోగవీసాకు దరఖాస్తు చేసేది యజమాని, అంటే కఫీల్. శ్రామికుని ఉద్దేశాన్ని ఎవరూ అడగరు. అతని కథనంతో పని లేదు. స్వదేశంలోనూ అతని స్థానం ప్రత్యేకమే. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టుపై సాధారణంగా ‘ఈసీఆర్’ ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళాలంటే వారు ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు గల మహిళలకైతే 30 ఏళ్ళు నిండాలి. రక్షణ కోసం ఏర్పడిన ఈ నియమాలు, దాటలేనివారిని విజిట్ వీసా వంటి అడ్డదారులవైపు నెడుతున్నాయన్న విమర్శ కూడ ఉంది. కడప ప్రాంతం నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీల అనుభవాన్ని చదవడానికి ఈ నియమం తెలిసి ఉండాలి.

కొనుగోలు నుంచి పుట్టిన పదజాలంలో ముఖ్యమైనది ‘ఆజాద్ వీసా’. ఒకరి పేరున వెళ్ళి వేరేచోట పని వెతుక్కొనే ఏర్పాటుకు ఇది పేరు. చట్టంలో అటువంటి తరగతి లేదు. స్వేచ్ఛ అనే అర్థం గల పదం అత్యంత అరక్షితమైన స్థితికి పేరు కావడం ఇందులోని విషాదం. యజమానిని విడిచి పత్రాలు లేకుండా మిగిలినవాడు ‘ఖల్లివెల్లి’. పోనీ, వదిలేయి అన్న అర్థంలో వాడే అరబ్బీ పలుకుబడి, తెలుగు శ్రామికుల నోట మనిషికి పేరైంది. పూర్వం ‘అగ్రిమెంట్’ అన్న మాట ‘గిర్మిట్’గా మారి, ఆ ఒప్పందంపై ఓడ ఎక్కినవారిని ‘గిర్మిటియా’లను చేసింది. ఆనాడు ఉన్న కాగితం మనిషికి పేరు పెట్టింది. ఈనాడు లేని కాగితం పెడుతోంది. ఖల్లివెల్లి అయినవాడు క్షమాభిక్ష ప్రకటన కోసం ఎదురుచూసి, రాయబార కార్యాలయం ఇచ్చే ‘ఔట్‌పాస్’తో ఇల్లు చేరతాడు. వెళ్ళడానికి కొన్న కర్త, తిరిగిరావడానికి క్షమాపణ పొందవలసిన అపరాధి అవుతాడు.

6. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

• అమెరికా దరఖాస్తులో బాధ్యత దరఖాస్తుదారుది, అధికారం మరొకరిది. తెలుగులోని ‘వచ్చింది’ అన్న క్రియ ఈ అసమానతను పత్రం కంటే నిజాయితీగా నమోదు చేస్తుంది.

• గల్ఫ్ వీసాలో ఖర్చు, అపాయం శ్రామికుడివి, సంతకం యజమానిది. ‘కొన్నాడు’ అన్న క్రియ పత్రంలో లేని ఆర్థిక సత్యాన్ని చెబుతుంది. అదే సమయంలో మోసపోయిన మనిషినే కొనుగోలుకు బాధ్యునిగా చూపే ప్రమాదం కూడ దానిలో ఉంది.

• స్లాటు, స్టాంపింగ్ ఒకవైపు. కఫీల్, ఖల్లివెల్లి, ఔట్‌పాస్ మరొకవైపు. ఈ రెండు పదజాలాలు ఒకే రాష్ట్రంలో, కొన్నిచోట్ల ఒకే ఊరిలో పక్కపక్కనే ఉన్నా కలవవు. వాటి మధ్య ఉన్నది చదువు, ఆస్తి గీసిన గీత.

‘డయాస్పోరా’ అన్న ఒక్క మాట కింద ఈ ఇద్దరినీ చేర్చే విమర్శ, ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ నానుడిలోని ప్రాస చేసిన పనినే మళ్ళీ చేస్తుంది. వలసకథను గాని, పాటను గాని విశ్లేషించేటప్పుడు పాత్ర ఏ వీసాపై వెళ్ళింది, దాని దరఖాస్తుపై ఎవరు సంతకం చేశారు, ఆ విషయాన్ని చెప్పే క్రియ ఏది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే, పాఠంలో ఇంతవరకు నేపథ్యంగా తోచిన వాక్యాలు ప్రధానమవుతాయి. గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారి నోటిభాషను, ముఖ్యంగా స్త్రీల మాటను, ప్రాంతాలవారీగా సేకరించడం ఈ దిశలో జరగవలసిన తొలి పరిశోధన. ఆ మాటలు పలికే తరం ఉండగానే ఆ పని పూర్తికావాలి.