స్థితియు గతియు: మూడు నవలలు

వ్యవస్థ, పరివర్తనము అను మాటలు ఢిల్లీలోని ముఖర్జీనగర్‌లో నిత్యము వినబడుచుండును. సివిల్ సర్వీసు పరీక్షలకై ఉత్తరాది పల్లెల నుండి వచ్చి, ఇరుకు గదులలో చదువుకొను యువకులు వానిని రెండు వేర్వేరు అధ్యాయములుగా వల్లించుచుందురు. తమ స్థితిని మార్చుకొనుటకై వారు కోరునది వ్యవస్థను నిలుపు ఉద్యోగమునే! పుస్తకమున విడివడినవి బ్రతుకులో పెనవేసుకొనియే ఉన్నవి. ఆ పెనవేతను చూపగలుగుటయే నవలకు గల బలము.

తెలుగు విమర్శ చిరకాలము ఆ విద్యార్థుల మార్గమునే త్రొక్కినది. 'వేయిపడగలు' సంప్రదాయమునకు, 'మాలపల్లి' అభ్యుదయమునకు అని పంచిపెట్టి తృప్తి చెందినది.

విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగల పామును ధర్మమునకు ప్రతీకగా నిలిపెను. సుబ్బన్నపేటలో కోట, గుడి, పొలము ఒకదానినొకటి పట్టి నిలిచినవి. ఒకటి సడలగనే తక్కినవియు సడలినవి. రచయిత దుఃఖించెనే గాని ఆ పతనమును దాచలేదు. మార్పును వలదన్నవాడే దాని నడకను అంత వివరముగా చిత్రించుట ఆ నవల ఘనత. అయితే ఆ పడగల నీడ ఎవరికి అందలేదు అను ప్రశ్న అందు గట్టిగా వినబడదు.

ఆ ప్రశ్నను నైజీరియా రచయిత చినువా అచెబే 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) నవలలో వేసెను. ఇగ్బో పల్లెల కట్టుబాట్ల అందమును ఆయన ప్రేమతో వర్ణించెను. కాని కవల శిశువులను అడవిపాలు చేసినదియు ఆ కట్టుబాటే. బయటివాడు గోడను త్రోయగా, లోపల చోటు దొరకనివారు తలుపు తీసిరి.

అంతకు ముప్పదియారేండ్లు ముందే, 1922లో వెలువడిన 'మాలపల్లి'లో ఉన్నవ లక్ష్మీనారాయణ ఆ చోటు దొరకనివారినే కథానాయకులను చేసెను. కాని అందలి రామదాసు భక్తుడు, వేదాంతి. కొడుకు వెంకటదాసు తిరుగుబాటు దారి పట్టినను, తండ్రి తన స్థైర్యమును ప్రాచీన ధర్మము నుండియే తెచ్చుకొనెను. అభ్యుదయ నవల యని పేరుపడిన దానికిని వెన్నెముక సంప్రదాయమే!

'వేయిపడగలు'ను పి.వి. నరసింహారావు 'సహస్రఫణ్' పేర హిందీలోనికి తెచ్చెను. వ్యవస్థ చెదరుటకు వగచిన గ్రంథమును వాక్యము వాక్యముగా మోసిన ఆ చేతులే, 1991లో దేశపు ఆర్థిక వ్యవస్థను మలుపు త్రిప్పినవి. ముఖర్జీనగర్ విద్యార్థికి 1991 ఒక పరీక్షాప్రశ్న. 'సహస్రఫణ్' అతడు చదువగల భాషలోనే ఉన్నది. రెంటిని కలిపి చదివినచో, రేపు తాను సంతకము చేయబోవు ఉత్తరువు ఏ పడగను తొలగించునో, ఎవరికి తలుపు తీయునో అతనికి తోచును. తెలుగు విమర్శకుడును 'వేయిపడగలు'ను, 'మాలపల్లి'ని ఒకే బల్లపై ఉంచి చదువుట అత్యవసరము.