తెరవని యాప్ తిన్న డేటా

పడుకునేముందు నిండుగా ఉన్న చార్జింగ్ తెల్లారేసరికి సగానికి పడిపోతోందని, బ్యాటరీ మార్పించమని మావయ్య ఫోన్ నా చేతికిచ్చారు. కొని ఏడాది కూడా కాలేదు. షాపుకు వెళ్లేముందు సెట్టింగ్స్‌లో రెండు లెక్కలు చూశాను: బ్యాటరీని ఏది ఎంత తింది, డేటా ఏది ఎంత వాడింది.

యూట్యూబ్, వాట్సాప్ కింద ‘అప్‌డేట్’ అని ఒక పేరుంది. తెరిచి వాడింది సున్నా. బ్యాక్‌గ్రౌండ్‌లో 400 ఎంబీ పైమాటే. వెతికితే ఫోన్‌లో ఎక్కడా దాని గుర్తు కనిపించలేదు.

“నేనేం పెట్టలేదు అల్లుడూ” అన్నారు. కాసేపటికి గుర్తొచ్చింది. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వస్తే నొక్కారట, ఏదేదో అడిగితే సరే సరే అన్నారట. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది శుభలేఖ కాదు, యాప్.

వెంటనే వైఫై, మొబైల్ డేటా ఆపేశాను. యాక్సెసిబిలిటీ తెరిస్తే అక్కడా అదే పేరు ఆన్‌లో ఉంది. నాకు వణుకు పుట్టింది అక్కడే. చూపు సరిగా లేనివాళ్లకు సాయంగా పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్ చేతికి చిక్కితే తెరమీద ఉన్నదంతా చదువుతుంది, మన బదులు తానే నొక్కుతుంది. ఎస్సెమ్మెస్ అనుమతి కూడా ఉంటే ఓటీపీలు దాని చేతిలోవే. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయలేదు. డివైస్ అడ్మిన్ జాబితాలో దాని టిక్కు తీశాకే కదిలింది. నా ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి లావాదేవీలు ఆపించి, మావయ్య ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేశాం. డబ్బు పోలేదు. పోయుంటే మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కే చేసేవాళ్లం.

చార్జింగ్ తగ్గిన ప్రతిసారీ దొంగే ఉన్నాడని కాదు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో టవర్ కోసం వెతుక్కుంటూనే ఫోన్ అలిసిపోతుంది. ఫొటోల బ్యాకప్ కూడా మనం చూడనప్పుడే నడుస్తుంది. నేను అనుమానించేది, మనం తెరవకుండానే రోజూ డేటా వాడే, పేరు చూసినా పనేంటో తెలియని యాప్‌ని.

ఆరోజు మావయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే ఇంకోసారి ఏదైనా జరిగినా మాకు చెప్పరు.

ఇప్పుడు ఆయనే చూసుకుంటున్నారు. వంటింటి క్యాలెండర్ మీద అత్తయ్య పాల లెక్క కిందే, ఆదివారం గడిలో పెన్సిల్‌తో ఎంబీలు రాస్తారు. మొన్న పొద్దున్నే ఫోన్ చేశారు: “అల్లుడూ, రాత్రి 300 ఎంబీ పోయింది. ఫొటోస్ అని చూపిస్తోంది.” ముందురోజు మనవరాలి డాన్స్ వీడియోలు తీశారట. అవే బ్యాకప్ అయ్యాయి.