పామోర్ చదివే కళ్లు

ఇండోనేసియా కత్తి ఏ దీవిదో తేల్చేవాళ్ల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. పైగా అలుగు మీద పొరల ఇనుముతో తేలే పామోర్ గీతలు కెరిస్ బాకుల్లో కనిపించినంతగా పొడవాటి కత్తుల్లో కనిపించవు. చేతులు మారినప్పుడల్లా పిడి మారొచ్చు, ఒర మారొచ్చు. అందుకే వాళ్ల చూపు ముందు అలుగు మీదికే పోతుంది.

పామోర్ కోసం మామూలు ఇనుమునీ, నికెల్ ఉన్న ఇనుమునీ పొరలుగా పేర్చి, కొలిమిలో కాల్చి, సుత్తితో అతుకుతారు. నిమ్మరసంలో కలిపిన పాషాణం పట్టిస్తే ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర వెండిలా తేలుతుంది. మన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు వేరు. దాని నీటిచారలు మూసలో కరిగిన ఉక్కులోంచే పుడతాయి. రెంటినీ కలిపి డమాస్కస్ అనేస్తే చిరాకే మరి!

కత్తి వీపు పైకి తిప్పి భూతద్దం పెడతారు. మధ్యలో ఉక్కు పలక, దానికి అటూ ఇటూ పామోర్ పొరలు. అవి పడుకున్నాయా, నిలబడ్డాయా? అది కమ్మరి పద్ధతిని పట్టిస్తుంది. లోహం మాత్రం అంత తేలిగ్గా ఊరు చెప్పదు. సులవేసిలోని లువు ఇనుము జావా దాకా అమ్ముడైంది. జావాలోని సురకర్త కొలువులోనైతే ప్రంబనన్ దగ్గర పడిన ఉల్కనే కొలిమికెక్కించారు.

ఇక ఆకారం. నిటారు అలుగు, చివర చీలిన పిడి ఉంటే సుమత్రాలోని ఆచే గుర్తుకొస్తుంది. అదే ఆచేలో హిందుస్తానీ తల్వారు మాదిరి పిడులూ ఉన్నాయి. ఒక్కోసారి తీర్పు రెండు ముక్కల్లో వస్తుంది: అలుగు జావాది, పిడి సుమత్రాది. కొన్నవాడికి అది నచ్చకపోవచ్చు.