ఆకాశానికి చలివేంద్రం

మా ఎడ్లపాడులో ఆకాశం కొండవీటి కొండల మీద తల ఆనించుకొని ఉంటుంది. కింద హైవే, లారీలు, స్పిన్నింగ్ మిల్లుల హోరు. ఆ హోరు చెవుల్లోంచి పోయేదాకా పడమటికి వెళ్లాలి. చిలకలూరిపేట దాటి, నరసరావుపేటలో రైలెక్కి, వినుకొండ కొండను కిటికీలోంచి సాగనంపి, దొనకొండలో దిగాలి. అక్కడుంటావు నువ్వు.

136 ఎకరాల ఒంటరి చదునా, దొనకొండ ఏరోడ్రోమా, నీకు దణ్ణం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లదొరలకు నీ అవసరం పడింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. కోస్తా అంతా గుండెలు చిక్కబట్టుకున్న కాలమది. సముద్రానికి దూరంగా, మెట్టచేల నడుమ, నువ్వు వచ్చిన విమానానికల్లా పెట్రోలు పోశావు. ఎండాకాలం దారి పక్కన తాటాకు పందిరేసి, కొత్త కుండలు పెట్టి, ఎవరివి ఏమిటని అడక్కుండా చెంబు అందిస్తారే, అదే పని నువ్వు ఆకాశానికి చేశావు.

రైలుకూ అంతే. పొగబండి ఇంజను మీ ఊళ్లోనే నీళ్లు తాగేది, బొగ్గు నింపుకొనేది. లోకో షెడ్డు, రైల్వే క్వార్టర్లు, అర్ధరాత్రి కూడా మెలకువగా ఉండే ఊరు. నేల మీద పోయే బండికీ గాలిలో పోయే బండికీ ఒక్క ఊరే దాహం తీర్చిందంటే, ఆ ఊరిది ఎంత పెద్ద చెయ్యి!

తర్వాత డీజిలు ఇంజన్లు వచ్చాయి. యుద్ధం ఎప్పుడో ముగిసింది, విమానాలు ఒక్క గుక్కతో దేశాలు దాటడం నేర్చాయి. నిన్నెవరూ కూల్చలేదు, నీ మీద ఎవరూ పగబట్టలేదు. దాహం లేని బాటసారులు ఆగకుండా పోయారు. పగబట్టి కూల్చినా ఇంత బాధపడేవాణ్ణి కానేమో.

విమానం గాలికి ఎదురెళ్లి లేస్తుంది. అందుకే రన్‌వే వేసేముందు ఆ చోట ఏడాది పొడుగునా గాలి ఎటునుంచి ఎటు వీస్తుందో చూస్తారు. కళ్లంలో చేట ఎత్తి తూర్పారబట్టే రైతు చేసేదీ అదే. ముందు గాలిని చూసుకుంటాడు, ఆ తర్వాతే చేట వంచుతాడు. నిన్ను గీసిన ఇంజనీరూ మన రైతూ ఒకే గాలిని చదువుకున్నారు. నువ్వు నాకు పరాయివాడి కట్టడంలా ఎన్నడూ తోచలేదు. చదును చేసి, అలికి ఉంచినా పంట రాని కళ్లంలా తోస్తావు.

2022 డిసెంబరు 29న మా హైవే మీదే, దిగువన కొరిశపాడు, రేణంగివరం నడుమ, వాయుసేన విమానాలు రోడ్డు దగ్గరదాకా దిగి మళ్లీ లేచాయి. ఆపదలో దిగడానికి రోడ్డునే రన్‌వేగా కట్టారు. మంచి పని. అయినా ఆ రోజంతా నా మనసు నీ దగ్గరే ఉంది. లారీలు నడిచే దారికి రెక్కల నీడ దక్కింది, రెక్కల కోసమే పుట్టినదానివి నీకు దక్కలేదు.

2014లో ఆంధ్రప్రదేశ్ రాజధాని అక్కడేనంటూ దొనకొండ పేరు ఊరూరా నలిగింది. తర్వాతా అప్పుడప్పుడూ పేపర్లో నీ పేరు కనిపిస్తూనే ఉంది. కనిపించిన ప్రతిసారీ నీకు మంచిరోజులొస్తాయని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

మా ఊరి పేరు చివర పాడు ఉన్నా ఊరు నిండుగా ఉంది. నీ పేరులో ఆ మాటే లేదు, అయినా అందరూ నిన్ను పాడుబడ్డదంటారు. నా నోట ఆ మాట రాదు. తీతువుకు చెట్టు అక్కర్లేదు, నీలాంటి బోడి నేలే ఇల్లు. గులకరాళ్ల మధ్య గులకరాళ్ల లాంటి గుడ్లు పెడుతుంది. మనిషి అడుగు దగ్గరపడితే గోలగోలగా అరుస్తూ పైకి లేస్తుంది. గాలికి ఎదురుగా లేస్తుంది.